గాజు కొలిమిలోకి వెళ్లే ముడిసరుకు: సగటు అంకెలు చెప్పని సంగతులు

గాజు కర్మాగారానికి ఇసుక లోడుతోపాటు ఓ పరీక్ష పత్రం కూడా వస్తుంది. సిలికా 99.5 శాతం, ఇనుప ఆక్సైడ్ 0.03 శాతం, తేమ 4 శాతం అని అంకెలన్నీ ఒప్పందం ప్రకారమే ఉంటాయి. అయినా ఒకటి రెండు రోజుల తర్వాత సీసా గోడలో నల్లటి చుక్క కనిపిస్తుంది, లేదా సీసాల బరువు అదుపు తప్పుతుంది. పత్రంలో తప్పేమీ ఉండదు. అది చెప్పింది లోడు మొత్తానికి సగటు మాత్రమే. కొలిమిలో నష్టం తెచ్చేవి రెండు: లోడుకీ లోడుకీ మధ్య వచ్చే తేడా, కరగకుండా మిగిలిపోయే రేణువు. ఈ రెండూ సగటులో కనిపించవు. ముడిసరుకును కొనేటప్పుడూ నిల్వ చేసేటప్పుడూ తూచేటప్పుడూ వీటినే వెతకాలి.

బ్యాచ్ లెక్క

కిటికీ అద్దాలకైనా సీసాలకైనా వాడేది సోడా-లైమ్ గాజే. అందులో సిలికా 71 నుంచి 74 శాతం, సోడియం ఆక్సైడ్ 12 నుంచి 15 శాతం, కాల్షియం ఆక్సైడ్ 8 నుంచి 11 శాతం ఉంటాయి. మిగిలినది మెగ్నీషియం, అల్యూమినియం ఆక్సైడ్లు. సిలికా ఒక్కటే కరగాలంటే 1700 డిగ్రీల సెల్సియస్ పైన వేడి కావాలి. సోడా కలిపితే ఆ వేడి బాగా తగ్గుతుంది. అయితే సిలికా, సోడా మాత్రమే ఉన్న గాజు నీటిలో కరిగిపోతుంది కాబట్టి దాన్ని నిలబెట్టడానికి సున్నం కావాలి.

ఫ్లోట్ గాజుకు (కరిగిన తగరం మీద తేల్చి తీసే చదునైన అద్దాలకు) సరిపోయే ఒక బ్యాచ్, అంటే ఒక విడతకు తూచి కలిపే ముడిసరుకు మిశ్రమం, చూద్దాం. పొడి ఇసుక 1000 కిలోలు, సోడా యాష్ (సోడియం కార్బొనేట్) 320, డోలమైట్ (కాల్షియం, మెగ్నీషియం కార్బొనేట్లున్న రాయి) 250, సున్నపురాయి 60, సాల్ట్ కేక్ అనే సోడియం సల్ఫేట్ 10 కిలోలు. మొత్తం 1640 కిలోలు. ఇందులో గాజుగా మిగిలేది 1356 కిలోలే. సోడా యాష్ బరువులో 41.5 శాతం, సున్నపురాయిలో 44 శాతం, డోలమైట్‌లో 47.7 శాతం బొగ్గుపులుసు వాయువుగా పోతాయి. సాల్ట్ కేక్ నుంచి వచ్చే సల్ఫర్ వాయువులు ఇంకో 5, 6 కిలోలు. అంటే టన్ను గాజుకు దాదాపు 205 కిలోల బొగ్గుపులుసు వాయువు ముడిసరుకు నుంచే పుడుతుంది. ఇంధనం మండితే వచ్చేది దీనికి అదనం.

ఈ లెక్కను చేతిలో ఉంచుకుంటే చాలా నిర్ణయాలు తేలికవుతాయి. ఇనుము సంగతే చూడండి. పై బ్యాచ్‌లో ఇసుకలో ఇనుప ఆక్సైడ్ 0.03 శాతం అయితే ఇసుక తెచ్చే ఇనుము 300 గ్రాములు. డోలమైట్‌లో అది 0.1 శాతం ఉందనుకుంటే అక్కడి నుంచి 250 గ్రాములు వస్తుంది. ఇసుకలో నాలుగో వంతు బరువున్న డోలమైట్ దాదాపు ఇసుకంత ఇనుము తెస్తోందన్నమాట. తెల్లటి గాజు కోసం ఖరీదైన ఇసుక కొంటూ డోలమైట్‌ను పట్టించుకోకపోతే ఆ డబ్బులో సగం వృథా అవుతుంది.

ఇసుక

ఇసుకలో మొదట చూడాల్సింది రేణువు సైజు. రసాయన విశ్లేషణ ఆ తర్వాతే. గాజుకు అనువైన ఇసుకలో ఎక్కువ భాగం 0.1 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. బ్యాచ్ వేడెక్కినప్పుడు సోడా, సున్నం ముందు కరుగుతాయి, ఇసుక రేణువులు ఆ ద్రవంలో మెల్లగా అరుగుతూ చివరికి కరిగిపోతాయి. రేణువు వ్యాసం రెట్టింపైతే కరిగే సమయం రెట్టింపుతో ఆగదు, సుమారు నాలుగు రెట్లవుతుంది. అందుకే 0.6, 0.7 మిల్లీమీటర్లు దాటిన రేణువులు ఒక శాతంలో చిన్న భాగమే ఉన్నా ప్రమాదమే. అవి కరగక తెల్లటి రాయిగా గాజులో మిగులుతాయి. పూర్తిగా కరిగినా చుట్టూ సిలికా ఎక్కువున్న చిక్కటి గాజు చారగా సాగుతుంది. అద్దంలోంచి చూస్తే అవతలి దృశ్యం వంకర తిరిగేది ఆ చారల వల్లే.

మెత్తటి ఇసుక త్వరగా కరుగుతుంది కదా, అదే వాడితే సరిపోదా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. సరిపోదు. 0.1 మిల్లీమీటరు కంటే సన్నటి పొడి కొలిమిలోని గాలివేగానికి ఎగిరి, వేడి గాలి వెళ్లే రీజెనరేటర్ (పొగలోని వేడిని పట్టి ఉంచి మంటకు వెళ్లే గాలికి ఇచ్చే గది) ఇటుకల మధ్య పేరుకుంటుంది. దారులు మూసుకుపోతే ఇంధన ఖర్చు పెరుగుతుంది, ఆ పొడిలో సోడా కూడా ఉంటే అది ఇటుకలను తినేస్తుంది. పైగా సన్నటి పొడి ముద్దకట్టి లోపల గాలిని పట్టి ఉంచుతుంది. ఆ గాలి సన్నటి బుడగలుగా చివరి వరకూ గాజులో ఉండిపోతుంది.

ఇక ఇనుము. అది గాజులో రెండు రూపాల్లో ఉంటుంది. ఆక్సీకరణం చెందిన రూపం లేత పసుపు రంగు ఇస్తుంది, క్షయకరణం చెందినది నీలి-ఆకుపచ్చ రంగు. రెండో రూపం రంగును చాలా ఎక్కువగా చూపిస్తుంది, వేడి కిరణాలను కూడా పీల్చుకుంటుంది. దీని ప్రభావం కొలిమి లోపల నేరుగా తెలుస్తుంది. పై మంట నుంచి వచ్చే వేడిని పైపొరలోని గాజే పట్టేసుకుంటే అడుగున గాజు చల్లబడుతుంది, ప్రవాహాలు మారతాయి. ఇనుము పెరిగితే రంగొక్కటే మారుతుందని అనుకోవడం పొరపాటు. సౌరఫలకాలకు వాడే గాజులో మొత్తం ఇనుప ఆక్సైడ్ 0.01, 0.015 శాతం దగ్గర ఉండాలి, కాబట్టి అక్కడ ఇసుక, డోలమైట్, అల్యూమినియం ఆక్సైడ్ కోసం వేసే ఫెల్డ్‌స్పార్ అన్నీ తక్కువ ఇనుమున్నవే కావాలి. సీసాల గాజులో మిగిలిన పచ్చదనాన్ని సెలీనియం, కోబాల్ట్‌లతో కప్పుతారు. ఇవి టన్నుకు గ్రాముల్లో చాలు, కానీ అవి రంగును తీసేయవు, ఇంకో రంగుతో సరిదిద్దుతాయి. అందువల్ల గాజు మొత్తంగా కొంచెం మసకబారుతుంది.

ఇనుము ఇసుకలో ఎక్కడ ఉందన్నది దాని మోతాదు అంత ముఖ్యం. రేణువు పైన మట్టిపొరగా అంటుకుని ఉంటే 70 నుంచి 75 శాతం ఘనపదార్థం ఉన్న చిక్కటి బురదగా చేసి రేణువులను ఒకదానితో ఒకటి రాపిడి చేయిస్తే వదిలిపోతుంది. వేరే ఖనిజ రేణువుల్లో ఉంటే స్పైరల్ (బరువును బట్టి రేణువులను వేరుచేసే మెలికల తొట్టి) మీదుగానో అయస్కాంతంతోనో వేరు చేయవచ్చు. క్వార్ట్జ్ (ఇసుకలోని సిలికా ఖనిజం) రేణువు లోపలే ఇమిడి ఉంటే మాత్రం ఆ పనులేవీ ఫలితమివ్వవు, ఆ గనిని తెల్ల గాజుకు వదులుకోవడమే మేలు. గని ఎంపికకు ముందే సూక్ష్మదర్శినిలో చూసుకోవాల్సిన విషయమిది.

అన్నిటికంటే కఠినమైనది క్రోమైట్. ఈ నల్లటి ఖనిజం కొలిమిలో దాదాపు కరగదు. 0.25 మిల్లీమీటరు క్రోమైట్ రేణువు బరువు 0.04 మిల్లీగ్రాము లోపే. టన్ను ఇసుకలో ఒక్క గ్రాము క్రోమైట్ ఉందంటే అలాంటి రేణువులు దాదాపు 27 వేలు ఉన్నట్టు. మామూలు ఎక్స్-రే విశ్లేషణకు పదిలక్షల్లో ఒక వంతు దొరకదు, దొరికినా అది పొడిగా ఉందో రేణువుగా ఉందో చెప్పదు. కిలో, రెండు కిలోల ఇసుకను సోడియం పాలీటంగ్‌స్టేట్ లాంటి బరువైన ద్రవంలో వేయాలి. ద్రవం సాంద్రతను 2.9 దగ్గర ఉంచితే 2.65 సాంద్రత ఉన్న క్వార్ట్జ్ తేలుతుంది, క్రోమైట్, జిర్కాన్, కైనైట్ అడుగుకు చేరతాయి. ఆ అడుగుది వడగట్టి, జల్లెడ పట్టి, 0.2 మిల్లీమీటరు పైనున్న రేణువులను సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టాలి. విసుగు పుట్టించే పనే, కానీ దీనికి ప్రత్యామ్నాయం లేదు. కొనుగోలు ఒప్పందంలో క్రోమైట్‌ను శాతంగా కాక, కిలోకు ఇన్ని రేణువులు మించకూడదని రాసుకోవడం తెలివైన పని.

తేమ: ఒక్క శాతం ఖరీదు

కడిగిన ఇసుకలో 3 నుంచి 5 శాతం నీరు ఉంటుంది. తేమ ఉండటం సమస్య కాదు. అది తెలియకుండా మారడం సమస్య. తేమ 4 శాతం అనుకుని 1000 కిలోల పొడి ఇసుక కోసం 1041.7 కిలోలు తూచారనుకుందాం. నిజానికి తేమ 5 శాతం ఉంటే అందులో పొడి ఇసుక 989.6 కిలోలే. ఇసుకంతా సిలికాయే అనుకుని లెక్కేస్తే గాజులో సిలికా 73.75 శాతం నుంచి 73.55కు పడుతుంది, సోడియం ఆక్సైడ్ 14.13 నుంచి 14.24కు పెరుగుతుంది. చూడటానికి చిన్న మార్పే, కానీ గాజు కొంచెం పల్చబడుతుంది, గడ్డకట్టే తీరు మారుతుంది. సీసాల యంత్రంలో పడే గాజు ముద్ద బరువు అటూ ఇటూ అవుతుంది. యంత్రం దగ్గరున్నవాళ్లు గాజును యంత్రానికి అందించే ఫీడర్ వేడిని సవరిస్తూ పోతారు. ఈలోగా ఇసుక గుట్టలో పొడి భాగం వస్తే గాజు తిరిగి చిక్కబడుతుంది, ఆ సవరణలన్నీ వెనక్కి తిప్పాలి.

కొత్తగా వచ్చిన తడి ఇసుకను నేరుగా హాపర్లో (కింద తెరుచుకునే నిల్వ తొట్టిలో) పోయకుండా షెడ్‌లో నీరు కారేవరకు ఉంచడం, పాత గుట్టకు కొత్త గుట్ట కలవకుండా వేరుగా పోయడం, గుట్ట అడుగు భాగాన్ని చివర్లో ఎత్తడం వంటివాటితోనే చాలా తేడా తగ్గిపోతుంది. హాపర్ కింద మైక్రోవేవ్ తేమ మీటర్ పెట్టి ప్రతి తూకాన్నీ దానితో సవరించడం ఉత్తమం. అయితే ఆ మీటర్‌ను ఓవెన్ పరీక్షతో క్రమం తప్పకుండా సరిచూసుకోవాలి. నమూనాను 105 నుంచి 110 డిగ్రీల వద్ద బరువు మారనంతవరకు ఆరబెట్టడమే ఆ పరీక్ష. సరిచూడని మీటర్ ఉండటం కంటే లేకపోవడమే నయం. లేదని తెలిస్తే కనీసం జాగ్రత్త పడతారు.

సోడా యాష్, 35.4 డిగ్రీలు

సోడా యాష్ రెండు రకాలుగా దొరుకుతుంది. లైట్ రకం లీటరుకు 0.5, 0.6 కిలోలుంటుంది, డెన్స్ రకం ఒక కిలో చుట్టూ ఉంటుంది. రసాయనికంగా రెండూ ఒకటే అయినా గాజుకు డెన్స్ రకమే కావాలి. దాని రేణువులు ఇసుక రేణువుల సైజులో ఉంటాయి కాబట్టి కలిపాక విడిపోవు, దుమ్ము లేవదు. ధర తక్కువని లైట్ రకం కొంటే అందులో కొంత చిమ్నీ దాకా ఎగిరిపోతుంది. ఉప్పు శాతం కూడా చూసుకోవాలి. సోడా యాష్‌లో మిగిలిన సోడియం క్లోరైడ్ కొలిమిలో ఆవిరై రీజెనరేటర్‌లోని చల్లటి చోట గడ్డకడుతుంది.

దుమ్ము అణచడానికీ సోడా ఇసుకకు అంటుకోవడానికీ బ్యాచ్‌లో 3, 4 శాతం నీరు ఉండేలా చూస్తారు. ఇక్కడ ఉష్ణోగ్రతే కీలకం. 35.4 డిగ్రీల పైన సోడా యాష్ ఒక్కో అణువుకు ఒక నీటి అణువునే పట్టుకుంటుంది. 320 కిలోల సోడా యాష్‌కు అది 54 కిలోలు. బ్యాచ్‌లో 65 కిలోల నీరుంటే కొంత స్వేచ్ఛగా మిగిలి రేణువుల్ని తడిపి ఉంచుతుంది. అదే 32 డిగ్రీల కిందకు చల్లబడితే పది అణువుల నీటిని పట్టుకునే రూపానికి మారుతుంది. ఆ రూపంలో పూర్తిగా మారాలంటే 540 కిలోల పైన నీరు కావాలి, కాబట్టి ఉన్న నీరంతా స్ఫటికాల్లోకి పోయి బ్యాచ్ గట్టి గడ్డగా బిగుస్తుంది. హాపర్ గోడలకు అతుక్కుంటుంది, మిగిలిన భాగం పొడిపొడిగా దుమ్ము రేపుతుంది. చలికాలంలో బ్యాచ్ ఉన్నట్టుండి మొండికేస్తే నీరు ఇంకా పోయడం మందు కాదు. వేడినీరో ఆవిరో వాడి బ్యాచ్‌ను 38, 40 డిగ్రీల వద్ద ఉంచాలి, మిక్సర్ నుంచి కొలిమి దాకా ఆ వేడి పోకుండా చూడాలి.

సున్నపురాయి, డోలమైట్ కొంత మొరటుగా ఉన్నా ఫరవాలేదు, 2, 3 మిల్లీమీటర్ల ముక్కలైనా వేడికి విచ్చిపోతాయి. వీటిలో చూడాల్సింది పేలుడు స్వభావం. కొన్ని గనుల డోలమైట్ వేడి తగలగానే పాప్‌కార్న్‌లా చిటపటమని చిట్లి పొడవుతుంది. జల్లెడ పరీక్షలో చక్కగా కనిపించిన సరుకు కొలిమిలో దుమ్ముగా ఎగిరిపోతుంది. కొత్త గని సరుకును తీసుకునేముందు తెలిసిన సైజు ముక్కల్ని మూత పెట్టిన మూసలో వేడిచేసి మళ్లీ జల్లెడ పడితే ఈ గుణం బయటపడుతుంది. అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) కోసం ఫెల్డ్‌స్పార్ లేదా నెఫిలీన్ సయనైట్ అనే రాయి వాడతారు. వాటిలో కోరండం వంటి మొండి ఖనిజ రేణువులు లేకపోతే చాలు.

సాల్ట్ కేక్, కార్బన్

బ్యాచ్‌లో వెయ్యి కిలోల ఇసుకకు పది కిలోలుండే సాల్ట్ కేక్ మీద గాజు స్వచ్ఛత ఆధారపడి ఉంటుంది. కరిగిన గాజులో లెక్కలేనన్ని సన్నటి బుడగలు ఉంటాయి. చిక్కటి ద్రవంలో అవి తమంతట తాము పైకి రాలేవు. సల్ఫేట్ విడిపోయి ఇచ్చే సల్ఫర్ డయాక్సైడ్, ఆక్సిజన్ ఆ బుడగల్లోకి చేరి వాటిని పెద్దవి చేస్తాయి, పెద్దవి తేలిపోతాయి. కొంచెం కార్బన్ తోడైతే ఈ పని తక్కువ వేడిలోనే మొదలవుతుంది.

సల్ఫేట్ తక్కువైతే బుడగలు మిగులుతాయి. ఎక్కువైతే కరిగిన సల్ఫేట్ గాజులో కలవకుండా పైన పొరలా తేలి కొలిమి గోడలను తింటుంది. కార్బన్ ఎక్కువైతే సల్ఫేట్ ముందే ఖర్చయిపోతుంది, ఇనుము నీలి-ఆకుపచ్చ రూపంలోకి జారుతుంది. ఇంకా పెరిగితే ఇనుము, సల్ఫైడ్ కలిసి గోధుమ రంగు తెస్తాయి. బీరు సీసాలకు కావాలని తెచ్చే రంగే అది. మరీ మెత్తటి బొగ్గు పొడి పైనే కాలిపోతుంది కాబట్టి మోతాదు సరిగ్గా ఉన్నా పని జరగదు. బ్యాచ్‌లో వేసిన బొగ్గు ఒక్కదాన్నే లెక్కేసుకోవడం పెద్ద పొరపాటు. వాడిన సీసాలతో వచ్చే కాగితపు లేబుళ్లు, చక్కెర, నూనె జిడ్డు అన్నీ కార్బనే. గాజుముక్కల నాణ్యత మారితే గాజు రంగు మారడానికి చాలాసార్లు కారణం ఇదే.

గాజుముక్కలు

కల్లెట్ అనే పాత గాజుముక్కలు ఇప్పటికే గాజు, కాబట్టి వాటినుంచి వాయువు పోదు. పై లెక్క ప్రకారం కిలో గాజుముక్కలు 1.2 కిలోల ముడిసరుకు పని చేస్తాయి. వాటి వాటా 10 శాతం పెరిగిన ప్రతిసారీ కరిగించే శక్తి 2.5 నుంచి 3 శాతం తగ్గుతుంది. ఇంత లాభమున్న ముడిసరుకు మరొకటి లేదు. ఇంత ప్రమాదం మోసుకొచ్చేది కూడా మరొకటి లేదు.

అల్యూమినియం మూత ఒకటి కొలిమిలో పడితే అది సిలికా నుంచి ఆక్సిజన్‌ను లాక్కుంటుంది, సిలికాన్ లోహం గుండ్రటి పూసగా మిగులుతుంది. ఆ పూస చల్లబడేటప్పుడు గాజుకంటే చాలా తక్కువ ముడుచుకుంటుంది కాబట్టి చుట్టూ పగుళ్లొస్తాయి. సీసం నేరుగా అడుగుకు దిగి, కొలిమి నేల ఇటుకలో సన్నటి నిట్టనిలువు రంధ్రం చేసుకుంటూ పోతుంది. కొలిమి జీవితకాలాన్ని తగ్గించే ఈ నష్టం బయటకు కనిపించదు. పింగాణీ ముక్కలు రాళ్లుగా మిగులుతాయి, కానీ కంటికి దొరుకుతాయి. పొయ్యి పైభాగానికి వాడే గ్లాస్ సిరామిక్ అలా కాదు. చూపుకు గాజులాగే ఉంటుంది, వేడికి దాదాపు వ్యాకోచించదు, మామూలు కెమెరా సార్టర్ దాన్ని దాటనిస్తుంది. దాన్ని పట్టాలంటే అతినీలలోహిత లేదా ఎక్స్-రే పద్ధతిలో వేరుచేసే యంత్రం కావాలి.

గట్టిపరిచిన (టెంపర్డ్) అద్దాల తయారీలో ఇంకో భయం ఉంది. ఇసుకలోనో గాజుముక్కల్లోనో చేరిన స్టెయిన్‌లెస్ స్టీల్ తునక, నైక్రోమ్ తీగ ముక్క నుంచి వచ్చిన నికెల్, సల్ఫర్‌తో కలిసి నికెల్ సల్ఫైడ్ రాయిగా మారుతుంది. 379 డిగ్రీల పైన స్థిరంగా ఉండే రూపంలోనే అది అద్దంలో బిగుసుకుపోతుంది. టెంపరింగ్‌లో అద్దాన్ని చకచకా చల్లార్చడం వల్ల రూపం మారే వ్యవధి దొరకదు. తర్వాత నెలలకో ఏళ్లకో గది వేడిలో ఆ మార్పు జరిగి, ఉబ్బి, బిగించిన అద్దం ఎవరూ తాకకుండానే పగిలిపోతుంది. బ్యాచ్ హౌస్‌లో (ముడిసరుకు తూచి కలిపే చోట) వెల్డింగ్ పని జరిగినప్పుడు కింద గుడ్డ పరచడం, రాడ్ ముక్కల్ని లెక్కపెట్టి ఏరడం ఇందుకే.

కలపడం, విడిపోవడం

తూకాలు సరిగ్గా ఉన్నా, మిక్సర్ మూడు నాలుగు నిమిషాలు బాగా తిరిగినా, ఆ తర్వాత బ్యాచ్ విడిపోవడానికి ఎన్నో చోట్లున్నాయి. శంకువు ఆకారపు గుట్టగా పడితే మొరటు రేణువులు అంచులకు దొర్లుతాయి, సన్నవి మధ్యలో నిలుస్తాయి. హాపర్ ఖాళీ అయ్యేటప్పుడు మధ్యది ముందు, అంచులది చివర దిగుతుంది. అందుకే హాపర్‌ను మూడో వంతు కంటే కిందికి దించకూడదు. మిక్సర్‌కు, కొలిమికి మధ్య బెల్టు ఎంత పొట్టిగా, పడే ఎత్తులు ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది. చాలాచోట్ల నీటిని ముందు ఇసుకకు పట్టించి తర్వాత సోడా వేస్తారు. గాజుముక్కల్ని చివర్లో కలిపితే మిక్సర్ అరుగుదల తగ్గుతుంది, అరిగిన ఇనుము బ్యాచ్‌లో చేరదు. సెలీనియం, కోబాల్ట్ వంటి గ్రాముల్లో పడేవాటిని నేరుగా వేయకూడదు. ముందు కొద్ది కిలోల ఇసుకతోనో సాల్ట్ కేక్‌తోనో విడిగా కలిపి, ఆ మిశ్రమాన్ని తూచి వేయాలి.

లోపం కనిపించాక కారణం వెతకడానికి రాయే మొదటి సాక్ష్యం. నల్లగా ఉండి చుట్టూ ఆకుపచ్చ ఛాయ ఉంటే క్రోమైట్. తెల్లగా ఉండి అంచున ఈకల్లాంటి స్ఫటికాలుంటే కరగని ఇసుక లేదా కొలిమి కప్పు నుంచి రాలిన సిలికా ఇటుక. జిర్కోనియా కనిపిస్తే ఇసుకలోని జిర్కాన్‌ను, కొలిమి గోడ ఇటుకను రెండిటినీ అనుమానించాలి. రాయి లేకుండా గాజు గుణమే మారితే సాంద్రత చూడాలి. సోడా-లైమ్ గాజుది 2.5 దగ్గర ఉంటుంది. మూడో దశాంశంలో ఒక్కరోజులో మార్పు వచ్చిందంటే బ్యాచ్ హౌస్‌లో తూకం తప్పిందన్నమాట. సాంద్రత పెరిగితే మొదట ఇసుక తేమను, తర్వాత సున్నపురాయి తక్కెడను చూడాలి.

గాజు కొలిమిలో సగటున ఒకటి నుంచి మూడు రోజులుంటుంది కాబట్టి ఇవాళ కనిపించిన లోపానికి కారణమైన లోడు ఇప్పటికే అయిపోయి ఉంటుంది. అందుకే ప్రతి లోడు నుంచీ నమూనా తీసి దాచాలి. లారీ పైభాగం నుంచి పారతో తీసింది నమూనా కాదు. దింపుతున్నప్పుడు పడే ధారను అడ్డంగా కోస్తూ, సమాన వ్యవధుల్లో పలుమార్లు తీసి, అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేస్తూ రెండు కిలోలకు తగ్గించాలి. తేమ పోకుండా మూత బిగించి, లోడు నంబరు, తేదీ, ఏ హాపర్లో పోశారన్నది రాసి, కనీసం నెల రోజులు ఉంచాలి.